డాక్టర్ మీద మెడికల్ కౌన్సిల్‌కు ఫిర్యాదు రాయడం ఎట్లా? తిరుపతి, చిత్తూరు వాళ్ళ కోసం

తిరుపతిలో ఒక ఆసుపత్రి రికార్డుల గదిలో ఉద్యోగం చేసి రిటైరయ్యాను. కేస్ షీట్లు సర్దడం, నంబర్లు వేయడం, కోర్టు అడిగితే తీసివ్వడం నా పని. అది తెలిసి మా కొర్లగుంటలో ఎవరికైనా ఆసుపత్రిలో అన్యాయం జరిగిందనిపిస్తే కాగితాల కవరు పట్టుకొని మా ఇంటికి వస్తారు. "అక్కా, ఆ డాక్టర్ లైసెన్స్ పీకించాలి, ఎవరికి రాయాలో చెప్పు" అంటారు. కడుపు రగిలిపోతూ వచ్చినవాళ్ళకు కాఫీ ఇచ్చి, కూర్చోబెట్టి చెప్పే మాటలే ఇక్కడ రాస్తున్నాను.

ముందు ఒకటి మనసులో పెట్టుకోండి. డబ్బు ఇప్పించడం మెడికల్ కౌన్సిల్ పని కాదు. ఆ డాక్టర్ తన వృత్తి నియమాలు పాటించాడా లేదా, వైద్యం చేయడానికి తగినవాడేనా అన్నదే అది చూస్తుంది. తప్పు తేలితే హెచ్చరించొచ్చు, కొంతకాలం రిజిస్టర్ నుంచి పేరు తీసేయొచ్చు, మరీ ఘోరమైతే శాశ్వతంగా తీసేయొచ్చు. పేరు తీసేసిన కాలంలో ఆయన వైద్యం చేయకూడదు.

నష్టపరిహారం కావాలంటే వినియోగదారుల కమిషన్‌కు పోవాలి. తిరుపతిలోనూ ఉంది, చిత్తూరులోనూ ఉంది. డబ్బు తీసుకుని చేసే వైద్యం వినియోగదారుల చట్టం కిందికి వస్తుందని సుప్రీంకోర్టు 1995లోనే చెప్పింది. అక్కడ రెండేళ్ళలోపు కేసు వేయాలి. కౌన్సిల్ తీర్పు వచ్చాక వేద్దాంలే అని కూర్చుంటే ఆ గడువు కాస్తా దాటిపోతుంది. రెండూ ఒకేసారి నడపొచ్చు.

బిల్లు ఎక్కువ వేశారు, వార్డు శుభ్రంగా లేదు, అనుమతి లేకుండా ఆసుపత్రి నడుపుతున్నారు లాంటివి జిల్లా వైద్య ఆరోగ్య శాఖాధికారికి, అంటే డీఎంహెచ్‌ఓకి రాయాలి. ప్రైవేటు ఆసుపత్రుల రిజిస్ట్రేషన్ 2002 నాటి రాష్ట్ర చట్టం కింద ఆ ఆఫీసు చూస్తుంది. సోమవారం కలెక్టరేట్లో జరిగే ప్రజా సమస్యల పరిష్కార వేదికలో కూడా అర్జీ ఇవ్వొచ్చు. ఎన్టీఆర్ వైద్య సేవ కింద చేరినా డబ్బు కట్టించుకున్నారంటే ఆసుపత్రిలో ఉండే ఆరోగ్యమిత్రతో మొదలుపెట్టి, ఆ పథకం నడిపే ట్రస్టుకు రాయాలి.

ఊళ్ళో ఆర్‌ఎంపీ సూది వేస్తే వికటించిందని కూడా నా దగ్గరికి వస్తారు. ఆయన పేరు కౌన్సిల్ రిజిస్టర్లో లేనే లేదు, ఇక తీసేసేది ఏముంది? అది డీఎంహెచ్‌ఓ, పోలీసులు చూడాల్సిన పని. రిజిస్ట్రేషన్ లేకుండా వైద్యం చేస్తే ఏడాది వరకు జైలు, 5 లక్షల వరకు జరిమానా, లేదా రెండూ పడొచ్చని నేషనల్ మెడికల్ కమిషన్ చట్టం చెబుతోంది. పళ్ళ డాక్టరైతే డెంటల్ కౌన్సిల్. ఆయుర్వేదం, హోమియో వాళ్ళ బోర్డులు వేరు.

ఇక మన డాక్టర్ ఎవరో తేల్చుకోవాలి. ప్రిస్క్రిప్షన్ మీద, రశీదు మీద రిజిస్ట్రేషన్ నంబర్ ఉండాలని 2002 నాటి వృత్తి ప్రవర్తన నియమాలు చెబుతున్నాయి. క్లినిక్‌లో కూడా కనపడేట్టు పెట్టాలి. (2023 ఆగస్టులో కొత్త నియమాలు తెచ్చారు కానీ అదే నెలలో నిలిపేశారు, కాబట్టి పాతవే నడుస్తున్నాయి.) ఆ నంబరుతో నేషనల్ మెడికల్ కమిషన్ వెబ్‌సైట్‌లోని ఇండియన్ మెడికల్ రిజిస్టర్‌లో వెతకండి. పేరుతో వెతికితే తికమక అవుతుంది. మనవాళ్ళ ఇంటిపేరు ఒకచోట ముందుంటుంది, ఒకచోట వెనకుంటుంది, ఒకచోట పొడి అక్షరమే ఉంటుంది. లేడీ డాక్టర్లకు పెళ్ళయ్యాక పేరు మారి ఉండొచ్చు. అందుకే నంబరు, దాంతోపాటు రాష్ట్ర కౌన్సిల్ పేరు ఎంచుకొని చూడండి. తండ్రి పేరు, చదివిన యూనివర్సిటీ, డిగ్రీ, సంవత్సరం వస్తాయి. వెబ్‌సైట్‌లో కనపడనంత మాత్రాన దొంగ డాక్టర్ అని ఊరంతా చెప్పొద్దు. కౌన్సిల్‌కే రాసి అడగండి.

బోర్డు మీద ఉన్న డిగ్రీలు, రిజిస్టర్లో ఉన్న డిగ్రీలు ఒకటేనా అని కూడా చూడండి. ఒక విభాగంలో ప్రత్యేక అర్హత లేకుండా దాంట్లో స్పెషలిస్టునని చెప్పుకోకూడదు, అది నియమాల ఉల్లంఘనే. బోర్డు ఫోటో తీసుకొని పెట్టుకోండి.

తిరుపతిలో, చిత్తూరులో ఉన్నవాళ్ళం వైద్యానికి వేలూరు, చెన్నై ఎక్కువగా పోతాం. పలమనేరు, కుప్పం వైపు వాళ్ళు బెంగళూరు పోతారు. అక్కడి డాక్టర్ మీద విజయవాడకు రాస్తే పని కాదు. ఆ డాక్టర్ పేరు ఏ రాష్ట్రం రిజిస్టర్లో ఉందో చూసి తమిళనాడు అయితే చెన్నైలోని కౌన్సిల్‌కు, కర్ణాటక అయితే బెంగళూరులోని కౌన్సిల్‌కు ఇంగ్లీషులో రాయించండి. మన ఆంధ్రప్రదేశ్ మెడికల్ కౌన్సిల్‌కైతే తెలుగులోనే రాయొచ్చు.

అసలు పని కేస్ షీటుతో మొదలవుతుంది. నా దగ్గరికి వచ్చేవాళ్ళ చేతిలో సాధారణంగా డిశ్చార్జి సమ్మరీ ఒక్కటే ఉంటుంది. అది వెళ్ళేటప్పుడు రాసిచ్చే రెండు పేజీల సారాంశం. లోపల జరిగిందంతా కేస్ షీటులో ఉంటుంది. అందులో డాక్టర్ నోట్స్, నర్సుల నోట్స్, జ్వరం, నాడి, బీపీ చార్టు, మందుల చార్టు, సంతకం పెట్టించుకున్న కన్సెంట్ ఫారం, ఆపరేషన్ అయితే ఆపరేషన్ నోట్స్, మత్తు ఇచ్చిన డాక్టర్ రాసిన చార్టు, ల్యాబ్ రిపోర్టులు అన్నీ ఉండాలి. లోపల చేరిన రోగి రికార్డులు డాక్టర్ మూడేళ్ళు దాచాలి. రోగి గానీ, రోగి అనుమతించిన మనిషి గానీ అడిగితే 72 గంటల్లో ఇవ్వాలి. ఇవ్వకపోవడం కూడా దుష్ప్రవర్తన కిందే లెక్క.

నోటితో అడిగితే "రేపు రండి" అంటారు. కాగితం మీద అడగండి: "నేను ఫలానా ఐపీ (ఇన్‌పేషెంట్) నంబరుతో ఫలానా తేదీ నుంచి ఫలానా తేదీ వరకు మీ ఆసుపత్రిలో ఉన్నాను. నా పూర్తి కేస్ షీటు, నర్సుల నోట్స్, కన్సెంట్ ఫారాలతో సహా, నకలు 72 గంటల్లో ఇప్పించగలరు. జిరాక్స్ ఖర్చు కడతాను." రెండు కాపీలు తీసుకెళ్ళి ఒకదాని మీద ముద్ర, తేదీ, సంతకం వేయించుకోండి. వాళ్ళు తీసుకోం అంటే స్పీడ్ పోస్టులో పంపి రశీదు దాచండి. ప్రభుత్వాసుపత్రి అయితే సమాచార హక్కు కింద కూడా అడగొచ్చు. రోగి రాలేని స్థితిలో ఉంటే ఆయన సంతకంతో అనుమతి పత్రం జతచేయండి.

నకలు చేతికి వచ్చాక పేజీలకు మీరే నంబర్లు వేయండి. తర్వాత నర్సుల నోట్స్ ముందు చదవండి. ఇన్నేళ్ళు కేస్ షీట్లు చూసిన మనిషిగా చెబుతున్నాను, జరిగింది జరిగినట్టు ఎక్కువగా కనిపించేది అక్కడే. నర్సు గంట గంటకూ టైము వేసి రాస్తుంది.

మా వీధిలో బట్టల షాపులో పనిచేసే అబ్బాయి వాళ్ళ నాన్నకు ఒక ప్రైవేటు ఆసుపత్రిలో హెర్నియా ఆపరేషన్ అయింది. రాత్రంతా కడుపు నొప్పితో విలవిల్లాడితే ఎవరూ రాలేదని ఆ అబ్బాయి ఏడ్చాడు. డిశ్చార్జి సమ్మరీలో మాత్రం ఆ రాత్రి అంతా బాగుందని రాశారు. కేస్ షీటు తెప్పించి చూస్తే నర్సు చేతిరాత స్పష్టంగా ఉంది. రాత్రి 11:20కి బీపీ 90/60, నాడి 124, డ్యూటీ డాక్టర్‌కు చెప్పాను అని. అంటే బీపీ తగ్గి, నాడి పెరిగింది. దాని తర్వాత డాక్టర్ రాసిన మొదటి మాట తెల్లవారి 5:40ది. మధ్యలో ఏమీ లేదు. ఆయన్ని పొద్దున వేరే ఆసుపత్రికి మార్చి మళ్ళీ ఆపరేషన్ చేస్తే బతికాడు. ఆ ఫిర్యాదు ఇంకా విచారణలో ఉంది, తప్పా కాదా కౌన్సిలే తేల్చాలి. కానీ అడగాల్సిన ప్రశ్న ఏదో ఆ రెండు టైముల మధ్య దొరికింది.

ఆ అబ్బాయి మొదట రాసుకొచ్చిన కాగితంలో "డాక్టర్ నిర్లక్ష్యం వల్ల మా నాన్న చావు అంచుల దాకా వెళ్ళాడు, కఠినంగా శిక్షించండి" అని ఉంది. అది నిజమే కావొచ్చు, కానీ దాని మీద ఎవరూ విచారణ చేయలేరు. దాన్ని ఇట్లా మార్చాం: "14వ తేదీ రాత్రి 11:20కి బీపీ 90/60, నాడి 124 అని, డ్యూటీ డాక్టర్‌కు చెప్పినట్టు నర్సు రాశారు (పేజీ 23). ఆ తర్వాత ఉదయం 5:40 వరకు డాక్టర్ పరీక్షించినట్టు కేస్ షీటులో లేదు (పేజీ 24). ఒంటిగంటకు, మూడింటికి నేనే డ్యూటీ రూముకు వెళ్ళి పిలిచాను." ఒక్క తిట్టు లేదు. ఇది చదివినవాళ్ళు డాక్టర్‌ని నేరుగా అడగగలరు: 11:20 నుంచి 5:40 దాకా మీరెక్కడ?

మీ ఫిర్యాదు కూడా అదే పద్ధతిలో రాయండి. పైన "రిజిస్ట్రార్ గారికి, ఆంధ్రప్రదేశ్ మెడికల్ కౌన్సిల్, విజయవాడ". మీ పేరు, అడ్రస్, ఫోన్, రోగికి మీరేమవుతారు. డాక్టర్ పేరు, రిజిస్ట్రేషన్ నంబరు, పనిచేసే చోటు. ఒకరికి మించి ఉంటే ఎవరు ఏం చేశారో విడివిడిగా. "ఆసుపత్రి యాజమాన్యం" అని రాస్తే కౌన్సిల్‌కు పట్టు దొరకదు, అది మనుషుల పేర్లున్న రిజిస్టర్ కదా. తర్వాత తేదీల వరసలో జరిగింది. చివర ఏ నియమం తప్పారని మీరనుకుంటున్నారో ఒక్కో వాక్యం: రోగిని పట్టించుకోలేదు, ఆపరేషన్‌కు ముందు రాతపూర్వక అనుమతి తీసుకోలేదు, రికార్డు ఇవ్వలేదు, తప్పుడు సర్టిఫికెట్ ఇచ్చారు, రోగిని పంపినందుకు కమీషన్ ఇచ్చారు, ఇట్లా. రెండు మూడు పేజీలు చాలు. సంతకం పెట్టండి. నేనైతే నోటరీ అఫిడవిట్ కూడా జతచేయిస్తాను. ఒరిజినల్స్ ఎప్పుడూ పంపొద్దు.

రాసేముందు ఇంకో డాక్టర్‌కి, అదే విభాగం వాళ్ళకు, కాగితాలు చూపించగలిగితే మంచిది. వైద్యం ఫలించనంత మాత్రాన అది నిర్లక్ష్యం కాదు. మంచి డాక్టర్ చేతిలో కూడా రోగి చనిపోతాడు. సాటి డాక్టర్ ఎవరైనా ఆ పరిస్థితిలో అట్లాగే చేసేవాడా అన్నదే కొలత. పోలీసు కేసు విషయంలో కూడా 2005లో జేకబ్ మాథ్యూ కేసులో సుప్రీంకోర్టు, వేరే వైద్యుడి నిష్పాక్షిక అభిప్రాయం లేకుండా డాక్టర్ మీద ముందుకు పోవద్దని చెప్పింది. ఈ మాట చెబితే కొందరికి నా మీదే కోపం వస్తుంది. అయినా చెబుతాను, ఎందుకంటే తప్పు చేయని డాక్టర్ మీద ఫిర్యాదు పడితే ఆయనకూ నిద్ర ఉండదు.

ఆసుపత్రి ముందు టెంటు వేసి గొడవ చేయొద్దు. ఆసుపత్రుల మీద దాడులకు 2008 నాటి రాష్ట్ర చట్టం ఉంది, మూడేళ్ళ వరకు జైలు. బాధితులుగా పోయి నిందితులుగా తిరిగొస్తారు. పైగా ఆ గుంపులో ఎవరో ఒక పెద్దమనిషి దూరి సెటిల్మెంట్ మాట్లాడి, తెల్లకాగితం మీద సంతకం పెట్టించుకుంటాడు. ఏ కాగితం మీదా చదవకుండా సంతకం పెట్టొద్దు.

పంపాక ఓపిక కావాలి. కౌన్సిల్ డాక్టర్‌కి నోటీసు ఇచ్చి సంజాయిషీ అడుగుతుంది. తర్వాత ఇద్దరినీ పిలుస్తుంది. డాక్టర్ లాయరుతో రావొచ్చు, టెన్షన్ పడొద్దు, మీ దగ్గర పేజీ నంబర్లున్నాయి. పిలుపు వస్తే మానకుండా వెళ్ళండి. రాత్రి రైలెక్కితే తెల్లారేసరికి విజయవాడలో ఉంటారు. ఫిర్యాదు మీద నిర్ణయం ఆరు నెలల్లో తీసుకోవాలని నియమం. ఆలస్యమైతే, మీ ఫిర్యాదు తేదీ, నంబరు వేసి ఆ నియమం గుర్తుచేస్తూ ఉత్తరం రాయండి. అదే చికిత్సతో ఇంకొకరికి ప్రమాదం ఉందనుకుంటే, విచారణ ముగిసేదాకా డాక్టర్‌ని ఆ పని చేయకుండా ఆపే అధికారం కూడా కౌన్సిల్‌కు ఉంది. దాన్ని ఫిర్యాదులోనే విడిగా అడగండి.

నిర్ణయం వచ్చాక ఆర్డర్ కాపీ తప్పకుండా తీసుకోండి. శిక్ష పడిన డాక్టర్ ఢిల్లీలోని ఎథిక్స్ అండ్ మెడికల్ రిజిస్ట్రేషన్ బోర్డుకు, ఆ తర్వాత నేషనల్ మెడికల్ కమిషన్‌కు అప్పీలు చేసుకోవచ్చని 2019 నాటి ఆ కమిషన్ చట్టంలో స్పష్టంగా రాశారు. అప్పీలు గురించి ఆ చట్టం డాక్టర్ పేరే ఎత్తింది, రోగి పేరు ఎత్తలేదు. ఇది నాకు అన్యాయంగా తోస్తుంది, మారాలని గట్టిగా కోరుకుంటున్నాను. మీ ఫిర్యాదు కొట్టేస్తే ఆర్డర్‌లో రాసిన కారణాలు చూపించి హైకోర్టు లాయరు సలహా తీసుకోండి. వినియోగదారుల కమిషన్‌లో కేసు ఉంటే అది దాని దారిన నడుస్తూనే ఉంటుంది, కౌన్సిల్ ఆర్డర్ కాపీని ఆ ఫైల్లో కూడా పెట్టించండి.