మామిడి గుజ్జు ఫ్యాక్టరీలో సెన్సర్ గేట్‌వే: వైరు లాగడం నుంచి వెబ్ పేజీ దాకా

చిత్తూరు చుట్టుపక్కల గుజ్జు ఫ్యాక్టరీల్లో తోతాపురి దిగుబడి మొదలైతే ఆగస్టు దాకా ఎవరికీ ఊపిరి సలపదు. బంగారుపాళ్యం నుంచి లారీలు వరస కట్టాక ప్యానెల్ తలుపు తెరుస్తానంటే ఏ మేనేజరూ ఒప్పుకోడు. కాబట్టి గేట్‌వే (సెన్సర్లు, మీటర్ల అంకెలను చదివి ఇంటర్నెట్ మీద సర్వర్‌కు పంపే పెట్టె) పని ఏప్రిల్‌లోనే ముగించాలి. ఇక్కడ లెక్కకు తీసుకున్నది ఒక మధ్యస్థాయి యూనిట్: మైనస్ 18 డిగ్రీల కోల్డ్ రూమ్, బాయిలర్, నీళ్ల ట్యాంకు, ఆరు కరెంటు మీటర్లు, మొత్తం మీద ఆర్‌ఎస్-485 లైను (ఒకే జత తీగల మీద చాలా పరికరాలు మాట్లాడే ఏర్పాటు) మీద పన్నెండు పరికరాలు. పాల శీతలీకరణ కేంద్రానికైనా, గ్రానైట్ యూనిట్‌కైనా పద్ధతి ఇంతే.

వెబ్ పేజీలో అంకె కనబడగానే పని అయిపోయిందని పెట్టె సర్దేసుకునేవాళ్లు చాలామంది. అంకె రావడం వేరు, అది నిజమైన అంకె కావడం వేరు. అందుకే ఒక్కో పరికరాన్నీ చేతిలోని మల్టీమీటరుతోనో, క్లాంప్ మీటరుతోనో, థర్మామీటరుతోనో సరిచూసుకుంటూ ముందుకెళ్లాలి.

ప్యానెల్, వైరింగ్

గేట్‌వే కొనేటప్పుడు నాలుగు చూడండి. ఆర్‌ఎస్-485 పోర్టుకు ఐసొలేషన్ (లోపలి సర్క్యూట్‌తో విద్యుత్ సంబంధం లేకుండా వేరుచేయడం) ఉండాలి. 24 వోల్టుల డీసీ మీద నడవాలి. 4జీ మోడెం ఉండాలి (జియోకు 2జీ, 3జీ అసలు లేవు, పాత మోడెంలో ఆ సిమ్ పనిచేయదు). కనీసం 70 డిగ్రీల వేడి తట్టుకోవాలి. మే నెలలో మన దగ్గర బయటే 40 దాటుతుంది, రేకుల షెడ్డు కింద మూసేసిన ప్యానెల్ లోపల ఇంకెంత ఉంటుందో వేరే చెప్పక్కర్లేదు. ప్యానెల్‌లో గేట్‌వేను కింది వరసలో పెట్టండి, వేడి పైకి చేరుతుంది. దాని ఎస్‌ఎమ్‌పీఎస్‌కు (24 వోల్టులిచ్చే పవర్ సప్లైకి) విడిగా ఒక ఎంసీబీ, చిన్న యూపీఎస్ ఇవ్వండి. కరెంటు పోయిందన్న కబురు పంపాల్సిన పెట్టె కరెంటుతోపాటే ఆరిపోతే దాన్ని పెట్టి ప్రయోజనం లేదు.

ఆర్‌ఎస్-485కు మెలితిప్పిన జత, షీల్డ్ ఉన్న కేబులే వాడాలి. ఒక పరికరం నుంచి ఇంకో పరికరానికి గొలుసుగా వెళ్లాలి తప్ప మధ్య నుంచి కొమ్మలు లాగకూడదు. ఎక్కువమంది తప్పేది ఇక్కడే: కొత్త మీటరు వచ్చినప్పుడు దగ్గర్లో ఉన్న జంక్షన్ బాక్సులోంచి ఒక ముక్క లాగేస్తారు, ఆ రోజుకు పనిచేస్తుంది, లోడు పెరిగాక మొరాయిస్తుంది. 9600 వేగంలో (సెకనుకు 9600 బిట్లు) 1200 మీటర్ల దాకా లాగొచ్చు. మోటారు డ్రైవుల కేబుళ్లకు కనీసం 30 సెంటీమీటర్ల దూరం ఉంచండి, దాటక తప్పని చోట అడ్డంగా, 90 డిగ్రీల కోణంలో దాటించండి. షీల్డును గేట్‌వే వైపు ఒక్క చోటే ఎర్త్ చేయాలి.

లైనుకు రెండు చివరలా 120 ఓంల రెసిస్టర్ వేయాలి. వేశారో లేదో తెలుసుకోవడం తేలిక: పరికరాలన్నీ ఆపి ఏ, బీ తీగల మధ్య ఓంలు కొలవండి. 60 దగ్గర చూపిస్తే సరే. 120 చూపిస్తే ఒక చివర లేదు. 40 చూపిస్తే ఎవరో మధ్యలో మూడోది వేశారు, లేదా ఏదో మీటరులో లోపలి స్విచ్చు ఆన్‌లో ఉండిపోయింది.

షెడ్డు నుంచి షెడ్డుకు బయట గాల్లో వైరు వెళుతుంటే వేసవి ఉరుముల వానలకు ముందే రెండు వైపులా సర్జ్ ప్రొటెక్టర్ వేయండి. వీలైతే ఆ ముక్క వరకు ఫైబర్ వేయడమే మేలు. రెండు భవనాల ఎర్త్‌ల మధ్య తేడాతో కాలే పోర్టులు కూడా తక్కువేమీ కాదు.

మొదటిసారి వెబ్ పేజీ

ల్యాప్‌టాప్ వైఫై ఆపేసి నెట్‌వర్క్ కేబుల్‌తో గేట్‌వేకు నేరుగా కలపండి. గేట్‌వే చిరునామా దాని స్టిక్కరు మీద ఉంటుంది. అది 192.168.1.1 అయితే ల్యాప్‌టాప్‌కు చేత్తో 192.168.1.50, మాస్క్ 255.255.255.0 ఇచ్చి బ్రౌజర్‌లో ఆ చిరునామా కొట్టండి. సర్టిఫికెట్ నమ్మదగింది కాదని బ్రౌజర్ హెచ్చరిస్తుంది. ఆ సర్టిఫికెట్ గేట్‌వే తనకు తాను తయారుచేసుకున్నది కాబట్టి, నేరుగా కేబుల్ మీద ఉన్నప్పుడు ముందుకెళ్లొచ్చు.

లోపలికెళ్లగానే పాస్‌వర్డ్ మార్చండి, హెచ్‌టీటీపీ ఆపి హెచ్‌టీటీపీఎస్ మాత్రమే ఉంచండి. ఆ వెంటనే లాన్ (గేట్‌వే లోపలి వైపు నెట్‌వర్క్) చిరునామా మార్చాలి. ఆఫీసు రౌటర్ కూడా చాలాచోట్ల 192.168.1 వరసలోనే ఉంటుంది. రెండూ ఒకే వరసలో ఉంటే ఏ ప్యాకెట్ ఎటు పోవాలో గేట్‌వేకు తేలదు. లాన్, వాన్ (ఆఫీసు రౌటర్ వైపు పోర్టు) రెండు లైట్లూ పచ్చగానే వెలుగుతుంటాయి, డేటా మాత్రం బయటికి పోదు. లాన్‌ను 192.168.50.1కి మార్చేస్తే ఆ గొడవ ఉండదు. మార్చాక ల్యాప్‌టాప్ చిరునామా కూడా అదే వరసలోకి మార్చుకోవాలి.

తర్వాత గడియారం. టైమ్ జోన్ కోల్‌కతా, అంటే +5:30 పెట్టి, ఎన్‌టీపీ (నెట్‌వర్క్ నుంచి సరైన టైము తెచ్చుకునే పద్ధతి) ఆన్ చేయండి. కేంద్ర ప్రభుత్వ సైబర్ భద్రతా సంస్థ సెర్ట్-ఇన్ 2022 ఏప్రిల్ 28న ఇచ్చిన ఆదేశాల ప్రకారం సంస్థలు తమ గడియారాలను ఎన్ఐసీ (కేంద్ర ప్రభుత్వ ఐటీ సంస్థ) లేదా ఎన్‌పీఎల్ (జాతీయ భౌతిక ప్రయోగశాల) సర్వర్లతోనో, వాటికి అనుసంధానమైన వాటితోనో సరిచేసుకోవాలి, లాగులు (సిస్టమ్‌లో ఎప్పుడేం జరిగిందో రాసుకునే నమోదులు) 180 రోజులు దాచాలి. ఎన్‌టీపీ యూడీపీ 123 పోర్టు మీద నడుస్తుంది, ఆఫీసు ఫైర్‌వాల్ దాన్ని ఆపిందేమో చూడండి. టైము సరిగా లేకపోతే క్లౌడ్ సర్వర్ సర్టిఫికెట్‌కు గడువు తీరినట్టో, ఇంకా మొదలే కానట్టో గేట్‌వే అనుకుని కనెక్షన్ తెంచేస్తుంది.

మోడ్‌బస్ పేజీ: తలనొప్పులన్నీ ఇక్కడే

మోడ్‌బస్ అంటే ఆర్‌ఎస్-485 లైను మీద గేట్‌వే అడిగితే మీటర్లు జవాబిచ్చే భాష. సీరియల్ పోర్టులో (ఆ లైను కలిసే పోర్టు) వేగం, పారిటీ (తప్పు పసిగట్టే బిట్), స్టాప్ బిట్ అన్ని పరికరాలకూ ఒకేలా ఉండాలి. 9600, పారిటీ లేదు, 1 స్టాప్ బిట్ అనేది వాడుకలో ఉన్న కలయిక. తయారీదారు నుంచి వచ్చిన మీటర్లలో కొన్ని ఈవెన్ పారిటీతో ఉంటాయి, వాటి కీప్యాడ్‌లో మార్చుకోవాలి. ప్రతి మీటరుకూ 1 నుంచి 247 లోపు వేరే వేరే నంబరు ఇవ్వాలి. కొత్త మీటర్లు సాధారణంగా 1తోనే వస్తాయి, కాబట్టి ఒక్కొక్కటిగా కలిపి నంబరు మార్చి, తర్వాతదాన్ని కలపండి. ఒక్క పరికరమూ పలకకపోతే ఏ, బీ తీగలు తారుమారు చేసి చూడండి. ఈ పేర్లు తయారీదారుకో తీరుగా ఉంటాయి, మార్చినంత మాత్రాన ఏమీ కాలిపోదు.

రిజిస్టర్ (మీటరులో విలువ ఉండే గడి) నంబరులో ఒక్క అంకె తేడా అందరికీ ఎదురయ్యేదే. మాన్యువల్‌లో 40001 అని ఉంటే అది హోల్డింగ్ రిజిస్టర్, ఫంక్షన్ 03, అసలు చిరునామా 0. 30001 అని ఉంటే ఇన్‌పుట్ రిజిస్టర్, ఫంక్షన్ 04. గేట్‌వే పేజీ 0 నుంచి లెక్కిస్తుందా 1 నుంచి లెక్కిస్తుందా అన్నది ముందు తేల్చుకోండి. వోల్టేజీ గడిలో పక్క ఫేజు వోల్టేజీ వస్తోందంటే కారణం ఇదే. మూడు ఫేజులూ దగ్గర దగ్గరగా ఉంటాయి కాబట్టి చూపుకు దొరకదు, ఒక ఫేజు ఫ్యూజ్ పోయిన రోజు బయటపడుతుంది.

కోల్డ్ రూమ్ కంట్రోలర్ మైనస్ 18.0ను మైనస్ 180గా పంపుతుంది, మనం 0.1తో గుణించుకోవాలి. పేజీలో డేటా రకాన్ని గుర్తు లేని 16 బిట్ అని ఎంచుకుంటే ఆ మైనస్ 180 కాస్తా 65356 అవుతుంది, తెర మీద 6535.6 డిగ్రీలు కనిపిస్తుంది. గుర్తు ఉన్న 16 బిట్‌కు మారిస్తే చాలు. ఇలాంటి పిచ్చి అంకె ఒక రకంగా నయం, కంట్లో పడుతుంది. ఏప్రిల్‌లో ఖాళీ గది ప్లస్ 30లో ఉన్నప్పుడు సరిచూసుకుని వదిలేస్తే ఈ తప్పు కంప్రెసర్ వేసేదాకా దాక్కునే ఉంటుంది. అందుకని సున్నాకు దిగువన కూడా ఒకసారి చూడాలి.

కరెంటు మీటర్లలో ఫ్లోట్ (దశాంశ) విలువ రెండు రిజిస్టర్లలో వస్తుంది. 415 వోల్టులంటే 17359, 32768 అనే జంట. పెద్ద భాగం ముందా, చిన్న భాగం ముందా అన్నది మీటరును బట్టి మారుతుంది. తిరగేసి చదివితే 415కు బదులు దాదాపు సున్నా కనిపిస్తుంది, మీటరు పాడైందని వాపసు పంపేవాళ్లూ ఉన్నారు. వర్డ్ ఆర్డర్ అన్న చోట స్వాప్ ఎంచుకుని మళ్లీ చూడండి. ఆంపియర్లను క్లాంప్ మీటరుతో పోల్చండి. 40 రెట్లు తక్కువ వస్తే గేట్‌వేను తిట్టుకోనక్కర్లేదు, మీటరులో 200/5 సీటీ (కరెంట్ ట్రాన్స్‌ఫార్మర్) నిష్పత్తి ఎవరూ పెట్టలేదన్నమాట.

ఎంత తరచుగా చదవాలన్నది లెక్క వేసి పెట్టాలి. 9600 వేగంలో ఒక అక్షరానికి సుమారు 1 మిల్లీసెకను. 20 రిజిస్టర్లు అడిగితే ప్రశ్నకు 8, జవాబుకు 45 అక్షరాలు. మీటరు ఆలోచించుకునే సమయంతో కలిపి 100 మిల్లీసెకన్లు అనుకోండి, పన్నెండు పరికరాలకు 1.2 సెకన్లు. కాబట్టి సెకనుకోసారి చదవమంటే కుదరదు, 5 సెకన్లు చాలు. ఇప్పుడు ఒక మీటరు ఆగిపోయిందనుకుందాం. టైమౌట్ 1 సెకను, మళ్లీ ప్రయత్నాలు 3 అని ఉంటే ఆ ఒక్కదాని కోసమే ప్రతి విడతలో 4 సెకన్లు పోతాయి, మిగతా పదకొండూ నత్తనడక నడుస్తాయి. టైమౌట్ 300 మిల్లీసెకన్లు, మళ్లీ ప్రయత్నం 1 పెట్టండి. పక్కపక్క రిజిస్టర్లను విడివిడిగా కాక ఒకే ప్రశ్నలో అడగండి, ఒక ప్రశ్నకు గరిష్ఠం 125.

4–20 మిల్లీ ఆంపియర్లు, పీటీ100

ట్రాన్స్‌మిటర్ (సెన్సర్ కొలతను 4–20 మిల్లీ ఆంపియర్ల కరెంటుగా పంపేది) పరిధి మైనస్ 50 నుంచి ప్లస్ 50 డిగ్రీలు అయితే 4 దగ్గర మైనస్ 50, 20 దగ్గర ప్లస్ 50. మైనస్ 18కి 9.12 మిల్లీ ఆంపియర్లు రావాలి, మల్టీమీటరు వరసలో పెట్టి చూడండి. వెబ్ పేజీలో కింది హద్దు 4 బదులు 0 ఉండిపోతే అంకె నమ్మదగినట్టే ఉంటుంది కానీ తప్పు. 3.6 కంటే తగ్గినా, 21 దాటినా వైరు తెగిందనో సెన్సర్ పోయిందనో లెక్క. దానికి అలారం పెట్టండి, ఆ అంకెను ఉష్ణోగ్రతగా మాత్రం పంపనివ్వొద్దు.

పీటీ100 (ఉష్ణోగ్రతను బట్టి ఓంలు మారే సెన్సర్) సున్నా డిగ్రీల దగ్గర 100 ఓంలు, మైనస్ 18 దగ్గర సుమారు 93. మూడు తీగలూ కలపాలి. రెండు తీగలతోనే సరిపెడితే 30 మీటర్ల సన్న కేబుల్, అంటే 0.5 చదరపు మిల్లీమీటర్లది, 2 ఓంలకు పైగా కలిపేస్తుంది. ఒక డిగ్రీకి 0.385 ఓమే కాబట్టి గది అసలు కంటే 5 డిగ్రీలకు పైగా వేడిగా కనిపిస్తుంది. సరిచూడటానికి దంచిన ఐసు, కాస్త నీళ్లు కలిపిన ఫ్లాస్కులో ప్రోబు ముంచండి, సున్నా రావాలి.

సిమ్, సర్వర్

ఏపీఎన్ (సిమ్ డేటా కోసం మోడెంలో పెట్టాల్సిన పేరు) జియోకు జియోనెట్, ఎయిర్‌టెల్‌కు ఎయిర్‌టెల్‌జీపీఆర్‌ఎస్ డాట్ కామ్. సిగ్నల్‌ను గీతలతో కాక ఆర్‌ఎస్‌ఆర్‌పీతో (సిగ్నల్ బలాన్ని డీబీఎంలో చూపే అంకె) చూడండి. మైనస్ 100 కంటే మెరుగ్గా ఉంటే బాగుంది, మైనస్ 110 దాటి పడిపోతే యాంటెనాను ఇనప ప్యానెల్ బయటికి, షెడ్డు పైకి తీయాలి. 13 అంకెల ఎం2ఎం (యంత్రాల కోసం ఇచ్చే) సిమ్ తీసుకుంటే కాల్స్, ఎస్ఎంఎస్‌లు ముందే నిర్ణయించిన నంబర్లకే వెళ్తాయి, అలారం వెళ్లాల్సిన నంబర్లను సిమ్ తీసుకునేటప్పుడే రాయించుకోండి.

మామూలు సిమ్‌కు బయటి నుంచి నేరుగా చేరే చిరునామా దొరకదు. దూరం నుంచి పేజీ తెరవాలంటే వీపీఎన్ (ఇంటర్నెట్ మీద ఇతరులకు కనబడని ప్రైవేటు దారి) పెట్టండి. పోర్టు ఫార్వర్డింగ్‌తో వెబ్ పేజీనో, మోడ్‌బస్ 502 పోర్టునో ఇంటర్నెట్‌కు తెరవొద్దు. మోడ్‌బస్‌లో పాస్‌వర్డ్ అన్నదే లేదు, పోర్టు దొరికినవాడు రాయగలడు కూడా.

సర్వర్‌కు డేటా పంపే పద్ధతి ఎంక్యూటీటీ అయితే 8883 పోర్టు, టీఎల్ఎస్ (గుప్తీకరణ), క్యూఓఎస్ 1 (సందేశం కనీసం ఒకసారి అందేలా చూసే స్థాయి). రెండు గేట్‌వేలకు ఒకే క్లయింట్ ఐడీ ఇస్తే ఒకటి కలవగానే సర్వర్ రెండోదాన్ని తోసేస్తుంది, అది మళ్లీ కలిసి మొదటిదాన్ని తోస్తుంది. ఒక గేట్‌వే కాన్ఫిగరేషన్ ఫైలును కాపీ చేసి రెండో యూనిట్‌లో ఎక్కించినప్పుడు జరిగేది ఇదే. లింకు తెగినప్పుడు లోపలే దాచుకుని తర్వాత పంపే బఫర్ ఆన్ చేయండి. 300 బైట్ల సందేశం 10 సెకన్లకోసారి పంపితే నెలకు 78 ఎంబీ, పైఖర్చులు కలిపి 150 ఎంబీ అనుకుని ప్లాన్ తీసుకోండి.

అలారాలు

కోల్డ్ రూమ్‌కు మైనస్ 15 దాటి 20 నిమిషాలు నిలబడితే మోగాలి, మైనస్ 16కి దిగాకే ఆగాలి. ఆ ఆలస్యం లేకపోతే తలుపు తీసిన ప్రతిసారీ, డీఫ్రాస్ట్ అయిన ప్రతిసారీ మోగుతుంది, రెండో రోజుకు ఫోన్ సైలెంట్‌లో పడుతుంది. డేటా 10 నిమిషాలు రాకపోతే మోగే అలారం సర్వర్ వైపు పెట్టాలి. పడిపోయిన గేట్‌వే తాను పడిపోయానని చెప్పలేదు కదా. బల్క్ ఎస్ఎంఎస్ కంపెనీ ద్వారా పంపేట్టయితే డీఎల్‌టీ నమోదు (టెలికాం కంపెనీల దగ్గర పంపేవాళ్ల పేరు నమోదు), మెసేజ్ నమూనాకు ఆమోదం ముందే కావాలి.

రోజువారీ నిర్వహణ

అడ్మిన్ లాగిన్ ఒకరిద్దరికే. షిఫ్టు ఆపరేటర్లకు చూడటానికి మాత్రమే వీలున్న లాగిన్ ఇవ్వండి, సీజన్ కూలీలు మారినప్పుడల్లా దాని పాస్‌వర్డ్ మార్చండి. ప్యానెల్ తలుపు లోపల పాస్‌వర్డ్ స్టిక్కరు అంటించే అలవాటు ఎక్కడ చూసినా ఉంది, చించేయండి. ఏ మార్పుకైనా ముందొకటి, తర్వాతొకటి కాన్ఫిగరేషన్ ఫైలు దింపి, పేరులో తేదీ పెట్టి, గేట్‌వే కాని వేరే చోట దాచండి. సిస్లాగ్‌ను (లాగులను వేరే కంప్యూటరుకు పంపే ఏర్పాటు) ఆఫీసు కంప్యూటరుకు పంపండి, గేట్‌వేలో ఉన్న కాస్త జాగాలో 180 రోజుల లాగులు పట్టవు.

ఫర్మ్‌వేర్ (గేట్‌వే లోపలి సాఫ్ట్‌వేర్) సీజన్ మధ్యలో మార్చొద్దు. మార్చే రోజు ఫైలు షా-256 విలువను (ఫైలు మారలేదని చూపే గుర్తు) తయారీదారు ఇచ్చినదానితో పోల్చి, యూపీఎస్ మీద ఉంచి, కేబుల్ ద్వారానే ఎక్కించండి. 4జీ మీద ఎక్కిస్తూ సగంలో లింకు తెగితే పెట్టె పనికిరాకుండా పోవచ్చు.

ఆగస్టు తర్వాత ఫ్యాక్టరీ మూసినా కోల్డ్ రూమ్‌లో సరుకు ఉన్నంతకాలం గేట్‌వేకు సరఫరా తీయకండి. సరుకు ఖాళీ అయ్యాక కూడా సిమ్‌ను మరవొద్దు, 90 రోజులు వాడకం లేని ప్రీపెయిడ్ నంబరును ఆపేయొచ్చు. ఏప్రిల్‌లో మళ్లీ తెరిచినప్పుడు టెర్మినల్ స్క్రూలన్నీ ఒకసారి బిగించి, 60 ఓంల పరీక్ష, ఐసు ఫ్లాస్కు పరీక్ష చేయండి. ఎలుకలు కేబుల్ డక్టులో ఏం చేశాయో వెబ్ పేజీకి తెలియదు.