మొదటిసారి ఖుర్బానీ ఇస్తున్నారా? మా నాన్న నేర్పిన పద్ధతి ఇది

మా చెల్లెలి కొడుక్కి ఉద్యోగం వచ్చి ఏడాదైంది. ఈ బక్రీద్‌కు సొంత డబ్బుతో ఖుర్బానీ (అల్లాహ్ పేరున జంతువును బలి ఇవ్వడం) ఇస్తానని ఫోన్ చేసి, "మామూ, ఎక్కడ మొదలుపెట్టాలి?" అని అడిగాడు. వాడికి చెప్పినవే ఇక్కడ రాస్తున్నాను. మాది కర్నూలు, దూదేకుల కుటుంబం. ఇంట్లో మాట్లాడేది తెలుగే. మేం పాటించేది ఇస్లాం ధర్మశాస్త్ర పద్ధతుల్లో ఒకటైన హనఫీ పద్ధతి కాబట్టి ఆ లెక్కనే చెబుతాను.

ముందు మీమీద ఖుర్బానీ ఉందో లేదో చూసుకోండి. ఉంటున్న ఇల్లు, తిరిగే బండి, వాడుకునే సామాను, తీర్చాల్సిన అప్పులు పక్కనపెట్టండి. మిగిలిన బంగారం, వెండి, నగదు అన్నీ కలిపితే 612.36 గ్రాముల వెండి ఖరీదుకు చేరితే ఖుర్బానీ వాజిబ్, అంటే తప్పనిసరి. జకాత్‌కు (ఏటా ఇచ్చే తప్పనిసరి దానానికి) లాగా ఆ సొమ్ము మన దగ్గర ఏడాది నిండాలన్న షరతు లేదు, పండుగ రోజుల్లో ఉంటే చాలు. చాలామంది పొరపాటు పడేది ఇక్కడే. ఇంటికో పొట్టేలు సరిపోతుందనుకుంటారు. భార్యకు ఐదు తులాల నగలు, చేతిలో కాస్త డబ్బు ఉంటే ఆమె లెక్క ఆమెదే. ఆమె పేరున ఇంకో ఖుర్బానీ ఇవ్వాలి.

గొర్రె, మేక ఒక్కరి పేరునే. దున్నపోతులో ఏడుగురు కలవచ్చు. కానీ ఆ ఏడుగురిలో ఒక్కరు మాంసం కోసమే చేరినా మిగతా ఆరుగురిదీ చెడుతుంది. మాంసం కూడా తూకం వేసే పంచుకోవాలి, కంటి అంచనాతో కుప్పలు పెట్టకూడదు. ఆవులు, దూడల వధ మన రాష్ట్ర 1977 చట్టం ప్రకారం నిషేధం. దున్నలకైనా అధికారి ఇచ్చే సర్టిఫికెట్ ఉండాలి. మేమెప్పుడూ పొట్టేలే ఇస్తాం.

మేం పెబ్బేరు సంతకు వెళ్లి కొంటాం. వయసు అమ్మేవాళ్లను అడగక్కర్లేదు, పళ్లు చెబుతాయి. పొట్టేలు కింది పెదవిని బొటనవేలితో కిందికి లాగండి. ముందు పళ్లు కింది దవడకే ఉంటాయి, మొత్తం ఎనిమిది. అన్నీ సన్నగా, చిన్నగా ఉంటే పాలపళ్లు. నడిమి రెండూ ఊడి, వాటి చోట వెడల్పాటి పళ్లు వచ్చి ఉంటే ఏడాది దాటినట్టే. దాన్నే రెండు పళ్లది అంటారు. మేకకు ఏడాది నిండి తీరాలి. గొర్రెకు ఆరు నెలలు దాటి, ఏడాది నిండిన వాటి మందలో వదిలితే తేడా తెలియనంత ఏపుగా ఉంటే చాలు. తర్వాత నాలుగడుగులు నడిపించి చూడండి. కుంటిది, కన్ను పోయినది, జబ్బుది, ఎముకలు తేలినది పనికిరాదు. చెవి మూడోవంతు కన్నా ఎక్కువ తెగినా కుదరదు. పుట్టుకతో కొమ్ములు లేకపోతే ఫర్వాలేదు. విత్తులు కొట్టినదైనా ఫర్వాలేదు.

ఇంటికి తెచ్చాక అన్నం పెట్టనివ్వకండి. ఒక ఏడాది పండుగకు రెండు రోజుల ముందు వీధి పిల్లలు ముద్దుగా అన్నం, చపాతీలు తినిపించారు. రాత్రికి దాని ఎడమ డొక్క డోలులా ఉబ్బింది. పశువుల డాక్టరు వచ్చేదాకా దాని పక్కనే కూర్చున్నాను. వాజిబ్ ఉన్నవాళ్లది పండుగకు ముందే చనిపోతే ఇంకోటి కొనాల్సిందే. ఆ టెన్షన్ కన్నా, నోరులేని జీవి మన ఇంట్లో బాధపడుతోందన్న దిగులే నాకు ఎక్కువైంది.

బక్రీద్ వచ్చే జిల్‌హజ్ నెల మొదలైనప్పటి నుంచి ఖుర్బానీ అయ్యేదాకా గోళ్లు, వెంట్రుకలు తీయకపోవడం మంచిది. పదో తేదీన ఈద్ నమాజు అయ్యాకే కోయాలి. ఊళ్లో నమాజు కాకముందే కోస్తే అది ఖుర్బానీ కాదు, మామూలు మాంసం. పన్నెండో తేదీ సూర్యాస్తమయం దాకా గడువుంది కాబట్టి కసాయి దొరకలేదని కంగారు పడకండి.

కత్తి ముందు రోజు రాత్రే సానబెట్టండి. జంతువు కళ్ల ముందు కత్తి నూరకూడదు, ఒకదాని ఎదుట ఇంకోదాన్ని కోయకూడదు. మా పెరట్లో దుప్పటి అడ్డం కడతాం. ముందుగా నీళ్లు పట్టండి. కాళ్లు పట్టి ఈడ్చకుండా మెల్లగా నడిపించి తీసుకురండి. ఎడమ పక్కకు పడుకోబెడితే మన ప్రాంతంలో తల దక్షిణానికి, కాళ్లు పడమటికి వస్తాయి, ముఖం ఖిబ్లా (మక్కాలోని కాబా దిక్కు) వైపు ఉంటుంది. "బిస్మిల్లాహి అల్లాహు అక్బర్" అని గొంతు మీద గట్టిగా, ఆపకుండా కత్తి ఆడించండి. శ్వాసనాళం, అన్నవాహిక, రెండు పక్కల రక్తనాళాలు, ఈ నాలుగింట్లో కనీసం మూడు తెగాలి. మెడ ఎముక దాకా పోకూడదు. కసాయి కత్తి మీద మీరూ చెయ్యి వేస్తే ఇద్దరూ బిస్మిల్లా చెప్పాలి. ఆడవాళ్లు కూడా కోయవచ్చు.

ఆ తర్వాత ఆగాలి. నా చిన్నప్పుడు ఒక కసాయి ఇంకా పది ఇళ్లు తిరగాలన్న తొందరలో, కాళ్లు కొట్టుకుంటుండగానే తోలు తీయబోయాడు. ఎప్పుడూ గొంతు పెంచని మా నాన్న అతని మణికట్టు పట్టుకుని, "దాని ప్రాణం పోనీ నాయనా, నీ కూలి ఎక్కడికీ పోదు" అన్నారు. త్వరగా చావాలని గుండెలో కత్తి గుచ్చడం, మెడ విరవడం కూడా చేయనివ్వకండి. కదలిక ఆగాక కంటి మీద వేలు ఆనించినా రెప్ప కొట్టకపోతే, అప్పుడు తోలు ముట్టుకోవచ్చు. ఇన్ని నియమాల్లో నేను ఎవరినీ సర్దుకుపోనివ్వనిది ఈ ఒక్కటే.

కసాయి కూలి డబ్బు రూపంలోనే ఇవ్వండి. మాంసం, తోలు కూలి కింద ఇవ్వకూడదు. తోలు మీరే వాడుకోవచ్చు, అమ్మితే ఆ డబ్బు పేదలకే. వెంటనే ఉప్పు పట్టించకపోతే చెడిపోతుంది. నెత్తురు, పేగులు మురికికాలువలో వేయకుండా గుంట తీసి పూడ్చండి.

మాంసం మూడు వాటాలు: ఇంటికి, బంధుమిత్రులకు, పేదలకు. ముస్లిమేతరులకూ ఇవ్వవచ్చు. పేదల వాటాలోకి మెడ ముక్కలు, ఎముకలు నెట్టకండి. మా అమ్మ తొడ మాంసం ముందు ఆ గిన్నెలోనే వేసేది. పొద్దున్నుంచి ఏమీ తినకుండా ఉండి, మొదటి ముద్ద ఖుర్బానీ మాంసంతో తినడం మంచి పద్ధతి. అందుకే మా ఇంట్లో కార్జం పక్కకు తీసి, మిరియాలు, ఉప్పు వేసి వేయిస్తారు. పది నిమిషాల్లో అయిపోతుంది.