చేత్తో తిప్పితే ఇంజన్ అందుకోకపోతే: లక్షణం, కారణం, పరిష్కారం

ఇక్కడి లెక్కలు మోడల్ విమానాలకు వాడే 46 సైజు (0.46 క్యూబిక్ అంగుళాలు), అంటే 7.5 సీసీ టూ స్ట్రోక్ గ్లో ఇంజన్‌వి. ఇందులో ఇంధనాన్ని అంటించేది స్పార్క్ కాదు, ప్లగ్‌లో ఎర్రగా కాలే తీగ. మొదలుపెట్టేటప్పుడు దాన్ని బ్యాటరీతో వేడిచేస్తాం, అందుకున్నాక బ్యాటరీ తీసేస్తాం. ప్రాప్ (ప్రొపెల్లర్) 11x6, అంటే 11 అంగుళాల వ్యాసం, 6 అంగుళాల పిచ్. ఇంధనంలో 18-20 శాతం నూనె, 5-10 శాతం నైట్రోమీథేన్, మిగిలినదంతా మిథనాల్.

మొరాయించిన ఇంజన్‌ను చెయ్యి పడిపోయేదాకా తిప్పితే ఒరిగేదేమీ లేదు. దానికి కావలసినవి రెండే: ప్లగ్‌లో వేడి, సిలిండర్‌లో సరిపడా ఇంధనం. ఏది లోపించిందో తేలాకే మళ్లీ ప్రాప్ దగ్గరికి వెళ్లాలి.

చెయ్యి పెట్టే ముందు

ఎదురుగా నిలబడి చూస్తే ప్రాప్ గడియారానికి వ్యతిరేక దిశలో తిరుగుతుంది. ఒక రెక్క పది గంటల స్థానంలో ఉన్నప్పుడు కంప్రెషన్ (పిస్టన్ గాలిని నొక్కేటప్పటి బిగువు) తగిలేలా ప్రాప్‌ను బిగించుకోండి. అప్పుడు కొట్టిన చెయ్యి కిందికి, ప్రాప్ దారిలోంచి బయటికి పోతుంది. వేలితో కాదు, రబ్బరు గొట్టం తొడిగిన కర్రతో కొట్టండి. తోకను ఇంకొకరు పట్టుకోవాలి. థ్రాటిల్ ఐడిల్ (ఇంజన్ ఆగకుండా తిరిగే అతి తక్కువ వేగం) కన్నా కొంచెమే పైన ఉండాలి. అంచు చిట్లిన ప్రాప్‌ను అతికించి వాడొద్దు, పారేయండి. పక్కన బకెట్ నీళ్లు తప్పనిసరి. పట్టపగలు మిథనాల్ మంట కంటికి కనబడదు, కాలిన తర్వాతే తెలుస్తుంది. నీళ్లు ధారాళంగా పోస్తే ఆరుతుంది.

ఎంత కొట్టినా ఉలుకూ పలుకూ లేదు

ముందు ప్లగ్ విప్పి బ్యాటరీ తగిలించండి. నీడలో చూస్తే తీగ చుట్టంతా నారింజ రంగులో వెలగాలి. మసక ఎరుపే వస్తే ప్లగ్‌ను తిట్టే ముందు బ్యాటరీని అనుమానించండి. ప్లగ్ దాదాపు 3 ఆంపియర్లు లాగుతుంది, గోడ గడియారంలో వేసే చిన్న సెల్ అంత ఇవ్వలేదు. 1.2 వోల్టుల పెద్ద రీచార్జబుల్ సెల్ కావాలి. 12 వోల్టుల బండి బ్యాటరీకి నేరుగా తగిలిస్తే తీగ ఆ క్షణమే కాలిపోతుంది.

ప్లగ్ బాగానే వెలుగుతుంటే ఇంధనం సంగతి చూడాలి. బ్యాటరీ తీసేసి, కార్బురేటర్ నోటిని వేలితో మూసి, ప్రాప్‌ను రెండు మూడు చుట్లు నెమ్మదిగా తిప్పండి. పైపులో ఇంధనం పాకుతూ రావాలి. రాకపోతే నీడిల్‌ను (ఇంధనం ఎంత పోవాలో సర్దే మరను) పూర్తిగా మూసి, రెండున్నర చుట్లు తెరిచి మళ్లీ చూడండి. అప్పటికీ రాకపోతే పైపు విప్పి, ఒక కొన మూసి, నీళ్లలో ముంచి ఊదండి. బుడగలు వస్తే చిల్లు ఉన్నట్టు. ముక్కు నేలకు తగిలేలా దిగిన మోడల్ అయితే ట్యాంకులో పైపు కొసన ఉండే బరువు ముందుకు మడతపడి ఇరుక్కుని ఉండొచ్చు, ట్యాంకు తీసి చూడాలి. స్వర్ణముఖి నది ఇసుకలోనో, ఎండిన చెరువు మట్టిలోనో బోల్తాపడితే మాత్రం ప్రాప్‌ను ఒక్క చుట్టు కూడా తిప్పొద్దు. ఇసుక రేణువు లోపలికి వెళ్తే పిస్టన్, లైనర్ (సిలిండర్ లోపలి గొట్టం) గీతలు పడిపోతాయి. కార్బురేటర్ విప్పి మిథనాల్‌తో కడిగాకే తిప్పండి.

ప్రాప్ బిగుసుకుపోయింది

బిగువు ఎక్కడుందో చూస్తే కారణం తెలుస్తుంది. చుట్టు మొత్తం గట్టిగా ఉంటే ఇంధనంలోని ఆముదం పాతబడి జిగురు కట్టినట్టు. హెయిర్ డ్రయ్యర్‌తో వేడిచేసి, రెండు చుక్కలు పల్చటి నూనె వేసి, మెల్లగా ఇటూ అటూ కదిలించాలి. పిస్టన్ పైకి వచ్చేచోట మాత్రమే గోడకు కొట్టినట్టు ఆగిపోతే సిలిండర్‌లో ఇంధనం నిండింది. ద్రవం నొక్కుకోదు కాబట్టి బలవంతం చేస్తే, ముఖ్యంగా ఎలక్ట్రిక్ స్టార్టర్ పెడితే, కనెక్టింగ్ రాడ్ వంగుతుంది. బ్యాటరీ తీసేసి, ప్లగ్ విప్పి, ప్లగ్ రంధ్రం కిందికి ఉండేలా మోడల్‌ను తిప్పి, ప్రాప్‌ను పది చుట్లు తిప్పండి. మొహం పక్కకు పెట్టుకోండి, ఇంధనం కళ్లలోకి చిమ్ముతుంది.

ఎదురు తంతోంది, లేదా వెనక్కి తిరుగుతోంది

ఇంధనం ఎక్కువ పోసి మొదలుపెట్టినప్పుడు ఇది మామూలే. గ్లో ఇంజన్‌లో స్పార్క్ సమయాన్ని నిర్ణయించే భాగమేదీ లేదు, అందుకే పిస్టన్ పైకి చేరకముందే అంటుకుని వెనక్కి నెడుతుంది. వెనక్కి తిరుగుతుంటే ఇంధనం పైపు నొక్కి ఆపండి. ఆగాక ప్రాప్ నట్టు తప్పకుండా చూడండి, ఎదురు తన్నుకు అది వదులవుతుంది. కొట్టడం ఆపి, ఒక నిమిషం ఆరనిచ్చి మళ్లీ ప్రయత్నించాలి. మరీ తేలికైన ప్రాప్ వాడినా ఈ తన్ను ఎక్కువే.

బ్యాటరీ తీయగానే ఆగిపోతోంది

తీగ తెల్లబారి గరుకుగా ఉంటే ప్లగ్ మార్చండి. కొత్త ప్లగ్‌తోనూ అంతే అయితే ఐడిల్‌లో ఇంధనం ఎక్కువ పోతోంది, లేదా డబ్బాలోకి తేమ చేరింది. మిథనాల్ గాలిలోని నీటిని పీల్చుకుంటుంది. నవంబరు వానల్లో మూత సరిగా పెట్టని సగం డబ్బా తిరుపతిలో ఎక్కువ రోజులు నిలవదు. మూత బిగుతుగా ఉన్న నిండు డబ్బాలు వాడండి, పిల్లలకు అందకుండా పెట్టండి, అది విషం. నూనె విషయంలో బండ్లకు పోసే 2టీ ఆయిల్ పనికిరాదు, మామూలు ఖనిజ నూనె మిథనాల్‌లో కలవదు.

నేల మీద బాగుంది, ముక్కు ఎత్తగానే ఆగుతోంది

మిశ్రమం పల్చబడింది, అంటే గాలికి తగినంత ఇంధనం అందడం లేదు. ఫుల్ థ్రాటిల్‌లో పైపును ఒక్క క్షణం నొక్కి వదలండి. వేగం కొంచెం పెరిగి మళ్లీ తగ్గితే సరిగ్గా ఉంది. నొక్కగానే పడిపోతే నీడిల్‌ను పావు చుట్టు తెరవండి. మోడల్‌ను ముక్కు పైకి పట్టించి మళ్లీ చూడండి. ట్యాంకు మధ్య గీత కార్బురేటర్ ఎత్తుకు దగ్గరగా ఉండాలి. మఫ్లర్ నుంచి ట్యాంకుకు వెళ్లే ప్రెజర్ పైపు ఊడిందేమో కూడా చూడండి.

ఉదయం సర్దింది మధ్యాహ్నానికి మారడం మే నెల ఎండలో సహజం. వేడి గాలి పల్చగా ఉంటుంది, అంటే అదే నీడిల్‌కు ఇంధనం ఎక్కువైనట్టు. కానీ ఇంజన్ వేడెక్కి గొంతు మారుతూ వేగం జారిపోతుంటే నీడిల్ మూయకండి, తెరవండి. వేడి ఇంజన్ బ్యాటరీ లేకపోయినా ఒక్క తిప్పుకే అందుకోగలదు. రేణిగుంట విమానాశ్రయం దగ్గరే కాబట్టి ఎగరేసే ముందు ప్రభుత్వ డ్రోన్ వెబ్‌సైట్ డిజిటల్ స్కై మ్యాప్‌లో మీ మైదానం ఏ జోన్‌లో ఉందో చూసుకోండి.

పెద్ద విమానం సంగతి

1958లో తొలిసారి ఎగిరిన హెచ్‌ఏఎల్ (హిందుస్థాన్ ఏరోనాటిక్స్) చిన్న విమానం పుష్పక్‌లో ఉన్నది 90 హార్స్‌పవర్ కాంటినెంటల్ ఇంజన్. ఇలాంటి విమానాల్లో స్పార్క్ మాగ్నెటోది (ఇంజన్ తిరిగితే తనంతట తానే కరెంటు పుట్టించే పరికరం), ప్లగ్‌కు వేరే బ్యాటరీ అక్కర్లేదు. నెమ్మదిగా తిప్పినప్పుడు "టక్" మనే చప్పుడు రాకపోతే ఇంపల్స్ కప్లింగ్ (నెమ్మదిగా తిప్పినా మాగ్నెటోను స్ప్రింగుతో ఒక్కసారిగా తిప్పే భాగం) ఇరుక్కుంది, ఎంత తిప్పినా చేతి వేగానికి సరైన స్పార్క్ రాదు. ప్రాప్ పట్టుకునేది శిక్షణ ఉన్నవాళ్లే. చక్రాలకు అడ్డు, తోకకు తాడు, కాక్‌పిట్‌లో తెలిసిన మనిషి, ఇవి లేకుండా ప్రాప్ ముట్టుకోవద్దు.

స్విచ్ "ఆఫ్"లో ఉందని నమ్మొద్దు. స్విచ్ పని మాగ్నెటోను గ్రౌండ్ చెయ్యడం, అంటే దాని కరెంటును ఇంజన్ లోహంలోకి మళ్లించి స్పార్క్ రాకుండా ఆపడం. ఆ వైరు తెగితే స్విచ్ ఆఫ్ ఉన్నా మాగ్నెటో బతికే ఉంటుంది. ఇంజన్ ఆపే ముందు ఐడిల్‌లో స్విచ్‌ను ఒక్క క్షణం ఆఫ్ చేసి చూడాలి. ఇంజన్ ఆగబోవాలి. అలా కాకుండా తిరుగుతూనే ఉంటే ఇంధనం కోసి ఆపి, ప్రాప్‌కు హెచ్చరిక బోర్డు కట్టి, లైసెన్స్ ఉన్న ఇంజనీర్‌ను పిలవాలి.