కయోటీ వేట, 4వ పాఠం: ఏ క్యాలిబర్ కొనాలి?

పోయిన పాఠంలో గాలివాటం చూసుకుని ఎక్కడ కూర్చోవాలో నేర్చుకున్నాం. ఇక అందరూ మొదటి రోజే అడిగే ప్రశ్నకు వద్దాం: ఏ క్యాలిబర్, అంటే ఏ సైజు తూటా పేల్చే రైఫిల్, కొనాలి?

ముందు జంతువు సంగతి. కయోటీ అంటే నక్కను పోలిన అమెరికా అడవి జంతువు. టెక్సస్ కయోటీ పది పదిహేను కిలోలు తూగుతుంది. చలికాలపు బొచ్చులో పెద్దగా కనిపిస్తుంది గానీ లోపలి ఒళ్లు బక్కది. ముందుకాలి వెనక గుండె, ఊపిరితిత్తులు ఉండే చోటు మన అరచేయంత. గుండు అక్కడ తగలాలి, తగిలితే అది అక్కడికక్కడే పడిపోవాలి. క్యాలిబర్ ఎంచుకునేది దీనికోసమే.

మొదటి చలికాలం నేను .17 హెచ్ఎంఆర్ అనే చిన్న తూటా పేల్చే రైఫిల్‌తో వెళ్లాను. దాని గుండు 17 గ్రెయిన్లు, అంటే గ్రాముకు కాస్త పైన. దగ్గర్లో కుందేలుకు బాగుంటుంది. నేను నూట యాభై గజాల నుంచి కయోటీని కొట్టాను. అది కుంటుకుంటూ మెస్కీట్ పొదల్లోకి పోయింది. మెస్కీట్ అంటే మన సర్కారు తుమ్మకు దగ్గరి చుట్టమే, అవే ముళ్లు. చీకటి పడేదాకా టార్చితో వెతికినా నెత్తురు చుక్కలే తప్ప జంతువు దొరకలేదు. ఆ రాత్రి నాకు నిద్ర పట్టలేదు. అందుకే చెబుతున్నా, ఇలాంటి రిమ్‌ఫైర్ (అడుగు అంచున దెబ్బ తగిలి పేలే) తూటాలు ఈ పనికి వద్దు.

ఇప్పుడు .223 రెమింగ్టన్, .22-250 రెమింగ్టన్ తూటాలను బల్ల మీద పక్కపక్కన నిలబెట్టి చూడండి. రెండింటి కొసనా ఉన్న గుండు ఒకే లావు, 0.224 అంగుళం. తేడా అంతా కింది ఇత్తడి గొట్టంలో ఉంది. .223 గొట్టం అడుగుభాగం వెడల్పు 9.6 మిల్లీమీటర్లు, రెండోదానిది 12 మిల్లీమీటర్లు. అంటే రెండోదాంట్లో తుపాకీ మందు ఎక్కువ పడుతుంది. అదే 55 గ్రెయిన్ల గుండును .223 సెకనుకు సుమారు 3,240 అడుగుల వేగంతో పంపితే, .22-250 దాదాపు 3,680 అడుగుల వేగంతో పంపుతుంది. దూరం వెళ్లినా గుండు తక్కువ కిందికి దిగుతుంది, గాలికి తక్కువ పక్కకు పోతుంది. కానీ బ్యారెల్ త్వరగా అరుగుతుంది, తూటాల ఖర్చూ ఎక్కువే.

కొత్తవాళ్లకు నా మాట .223. కాల్చినప్పుడు భుజానికి తగిలే తన్ను తక్కువ, తూటాలు ఎక్కడైనా దొరుకుతాయి, కాబట్టి ప్రాక్టీసు ఎక్కువ చేస్తారు. మనం చేసే పిలుపు శబ్దానికి వచ్చే కయోటీ చాలాసార్లు రెండు వందల గజాల లోపే నిలబడుతుంది. పశ్చిమ టెక్సస్‌లా గాలి ఎప్పుడూ వీచే బయలు నేలల్లో అయితే .22-250 బాగా పనికొస్తుంది. జింక వేటకూ అదే రైఫిల్ కావాలంటే .243 విన్‌చెస్టర్ తీసుకోండి. 1955 నుంచీ ఉన్న తూటా అది. బొచ్చు కోసం వేటాడేవాళ్లకు మాత్రం అది చర్మాన్ని పాడుచేసే అవకాశం ఎక్కువ.

ఒక జాగ్రత్త. బ్యారెల్ మీద .223 అని మాత్రమే ఉంటే చూడటానికి అలాగే ఉండే 5.56 నాటో (సైనిక) తూటాలు అందులో వేయకండి, పీడనం ప్రమాదకరంగా పెరగవచ్చు.

హెచ్1బి, ఎఫ్1 వీసాల మీద ఉన్న మనవాళ్లు ఇది తప్పక చదవాలి. అమెరికా ఫెడరల్ చట్టం ప్రకారం ఇలాంటి తాత్కాలిక వీసాదారులు మామూలుగా తుపాకీ దగ్గర పెట్టుకోకూడదు. చెల్లుబాటులో ఉన్న హంటింగ్ లైసెన్సు ఉంటే మినహాయింపు ఉంది. కొనేముందు లాయరుతో మాట్లాడండి. కాలిఫోర్నియాలో 2019 జూలై నుంచి వేటకు సీసం లేని గుండ్లే వాడాలి.

ఈ వారం పని: షూటింగ్ రేంజ్‌లో ఎవరిదైనా .223 అడిగి తీసుకోండి. కాగితం మీద అరచేయంత గుండ్రం గీయండి. బల్ల మీద ఆనించకుండా, నేల మీద కూర్చుని, కర్రల ఊతంతో ఐదు గుండ్లు కాల్చండి. వంద గజాలతో మొదలుపెట్టి, ఐదూ గుండ్రంలో పడితేనే మరో పాతిక గజాలు వెనక్కి జరగండి. ఒక్కటి బయటపడినా అక్కడే ఆగి, దాని ముందటి దూరాన్ని నోటుబుక్కులో రాసుకోండి. వచ్చే పాఠంలో స్కోపును (రైఫిల్ మీద గురి చూసే దుర్బీనును) ఆ అంకెతోనే సరిచేస్తాం.