నంబరు దొరికిందని మెసేజ్ పెట్టొద్దు: చిన్న వ్యాపారానికి, సేవాపనికి సోషల్ మీడియాలో ప్రచారం

అనంతపురంలో కట్టె గానుగ పెట్టి బుడ్డల (వేరుశనగ) నూనె ఆడేవాళ్లు, ఉగాదికి ఇంట్లోనే ఓళిగలు (బొబ్బట్లు) చేసి అమ్మే అక్కలు, రక్తదాతల జాబితా నడిపే కుర్రాళ్లు ప్రచారం అనగానే ముందు చేసే పని ఒకటే. ఫోన్‌లో ఉన్న నంబర్లన్నీ కలిపి ఒక వాట్సాప్ గ్రూపు తెరుస్తారు. వారం తిరిగేసరికి చాలామంది దాన్ని మ్యూట్ చేస్తారు, కొందరు చెప్పకుండా వెళ్లిపోతారు, ఒకరిద్దరు రిపోర్ట్ కొడతారు. సరుకు మంచిదే, చేసే పనీ మంచిదే. కానీ అడగని మెసేజ్ వచ్చాక ఆ పేరు చూడగానే చిరాకు పుడుతుంది, అది పోవడానికి చాలా కాలం పడుతుంది.

ప్రచారం చేసే చోట్లను మొదట రెండుగా విడదీసుకోవాలి. వాట్సాప్ స్టేటస్, ఇన్‌స్టాగ్రామ్ పేజీ, ఫేస్‌బుక్ పేజీ, యూట్యూబ్, గూగుల్ మ్యాప్స్‌లో అంగడి వివరాలు: ఇవి మనిషి తనంతట తాను వచ్చి చూసేవి. నేరుగా మెసేజ్, గ్రూపులో చేర్చడం, ఫొటోలో ట్యాగ్ చేయడం, ఎస్సెమ్మెస్, ఫోన్ కాల్: ఇవి మనమే వెళ్లి తలుపు తట్టేవి. మొదటి రకంలో రోజూ పెట్టినా ఎవరూ ఏమీ అనుకోరు. రెండో రకానికి ముందే అడిగి సరే అనిపించుకోవాలి. కింద చెప్పేదంతా ఈ తేడా మీదే నడుస్తుంది.

గ్రూపు కాదు, జాబితా

కొనేవాళ్లను గ్రూపులో పెడితే అందరి నంబర్లూ అందరికీ కనిపిస్తాయి. ఓళిగలు కొన్న ఆడవాళ్లకు ముక్కూమొహం తెలియనివాళ్ల నుంచి కాల్స్ రావడం అక్కడే మొదలవుతుంది. ఆ ఒక్క కారణం చాలు, గ్రూపు ఆలోచన మానుకోవడానికి. దాని బదులు వాట్సాప్ బిజినెస్ యాప్ వేసుకుని బ్రాడ్‌కాస్ట్ లిస్టు కట్టండి. ఒక్కో లిస్టులో 256 మంది దాకా పడతారు. మీరు ఒకసారి పంపితే ఎవరికి వాళ్లకు విడిగా వెళ్తుంది, జవాబు మీ ఒక్కరికే వస్తుంది.

ఇందులో ఒక మెలిక ఉంది. మీ నంబరును తమ ఫోన్‌లో సేవ్ చేసుకున్నవాళ్లకే బ్రాడ్‌కాస్ట్ చేరుతుంది. చాలామంది దీన్ని ఇబ్బంది అనుకుంటారు. నిజానికి మీకు కావాల్సిన జల్లెడ ఇదే, వద్దనుకున్నవాళ్లకు మెసేజ్ పోనే పోదు. కాబట్టి సేవ్ చేసుకోమని కొన్న రోజే నోటితో అడగాలి: “అన్నా, కొత్త నూనె ఆడినప్పుడు చెప్పమంటావా? నెలకు రెండుసార్లకు మించి పెట్టం. సరే అంటే మా నంబరు సేవ్ చేసుకో.” సరే అన్నవాళ్ల పేరు పక్కన పుస్తకంలో తేదీ, దేనికి సరే అన్నారో రాయండి. నూనెకు సరే అన్న మనిషికి ఓళిగల మెసేజ్ పంపకూడదు. యాప్‌లో లేబుళ్లు ఉంటాయి. ‘నూనె’, ‘ఓళిగలు’, ‘వద్దు’ అని మూడు పెట్టుకుంటే చాలు.

సీసా మీది చీటీలో గానీ, బిల్లు వెనక గానీ క్యూఆర్ కోడ్ అచ్చేయించండి. అది బిజినెస్ యాప్‌లోనే దొరుకుతుంది, షార్ట్ లింక్ కూడా అక్కడే ఉంటుంది. స్కాన్ చేసి మొదటి మెసేజ్ పంపేది అవతలి మనిషే కాబట్టి మాట కలిపింది వాళ్లే అవుతారు. అయినా ఒక్కసారి అడిగి జాబితాలో చేర్చడం మర్యాద.

పంపాక ఆ మెసేజ్‌ను నొక్కి పట్టి ఇన్ఫో చూడండి. ఎవరికి చేరిందో, ఎవరికి చేరలేదో కనిపిస్తుంది. నాలుగైదు రోజులైనా చేరనివాళ్లు నంబరు మార్చి ఉండొచ్చు, మిమ్మల్ని సేవ్ చేసుకోకపోయి ఉండొచ్చు, బ్లాక్ చేసి ఉండొచ్చు. వాళ్లకు విడిగా ఒక్కొక్కరికీ అదే మెసేజ్ పంపడమే పెద్ద తప్పు. లిస్టులోంచి తీసేయండి.

జనం పెరిగితే వాట్సాప్ ఛానెల్ తెరవొచ్చు. ఇది మన దేశంలో 2023 సెప్టెంబరు నుంచి ఉంది. ఫాలో అయ్యేవాళ్ల నంబర్లు ఒకరికొకరికి కనిపించవు, ఇష్టం లేకపోతే ఒక్క నొక్కుతో బయటికి పోవచ్చు. ‘అనంతపురం నంబర్లు పది వేలు’ అని అమ్మేవాళ్ల దగ్గర మాత్రం ఒక్కటి కూడా కొనొద్దు. సొంత నంబరు నుంచి గంపగుత్తగా పంపితే వాట్సాప్ ఆ నంబరునే నిలిపేస్తుంది. అంగడి బోర్డు మీద ఉన్న నంబరు పోతే పాత గిరాకీ కూడా పోతుంది. వాణిజ్య ఎస్సెమ్మెస్‌లకు టెలికాం నియంత్రణ సంస్థ ట్రాయ్ 2018లో తెచ్చిన నిబంధనల ప్రకారం ముందు రిజిస్టర్ కావాలి. అది లేకుండా పంపేవాళ్ల మీద ఎవరైనా 1909కు ఫిర్యాదు చేయొచ్చు.

మెసేజ్ ఎలా ఉండాలి

ఒక ఫొటో, ఐదారు వరుసలు, అంతే. ధర దాచి ‘వివరాలకు ఇన్‌బాక్స్’ అనడం చదివేవాళ్లను వేధించడమే. ధర, కొలత, ఎప్పటిలోగా చెప్పాలి, ఎక్కడ దొరుకుతుంది అనేవి మెసేజ్‌లోనే ఉండాలి. ఉదాహరణకు (అంకెలు మీవి వేసుకోండి):

“నమస్కారం. బుధవారం బుడ్డల నూనె ఆడుతున్నాం. మడ్డి దిగినాక శనివారం నుంచి ఇస్తాం. లీటరు 320, ఐదు లీటర్ల క్యాను 1,550. కావాలంటే శుక్రవారం సాయంత్రం లోపల ఎన్ని లీటర్లో రాయండి. ఈ మెసేజ్‌లు అక్కర్లేదనుకుంటే ‘వద్దు’ అని పెట్టండి, ఆపేస్తాం.”

బ్రాడ్‌కాస్ట్‌లో ‘అక్కా’ అని రాస్తే మగవాళ్లకూ అదే పోతుంది, అందుకే ‘నమస్కారం’. జవాబు వచ్చాక విడిగా రాసేటప్పుడు అన్నా, అక్కా, సార్ అని వాళ్లకు తగినట్టు పిలవండి.

‘వద్దు’ అని వస్తే ఆ రోజే తీసేయాలి. కారణం అడగొద్దు, తగ్గింపు ఇస్తామని బతిమాలొద్దు. “సరే, తీసేశాం. ఎప్పుడైనా కావాలంటే మీరే ఒక మెసేజ్ పెట్టండి” అని రాస్తే చాలు. పుస్తకంలోనూ కొట్టేయండి, లేకుంటే అంగడిలో ఇంకొకరు ఆ పేరు మళ్లీ ఎక్కిస్తారు.

పొద్దున తొమ్మిదికి ముందు, రాత్రి ఎనిమిది దాటాక పంపొద్దు. గుడ్ మార్నింగ్ బొమ్మలు, యజమాని ఫొటోతో పండగ శుభాకాంక్షలు అసలే వద్దు. పండగ రోజు ప్రతి ఫోనూ అలాంటి బొమ్మలతో నిండి ఉంటుంది, మీదీ వాటిలో కలిసిపోతుంది. ఓళిగల ఆర్డరు మెసేజ్ ఉగాదికి ఎనిమిది పది రోజుల ముందు ఒకటి, ఆర్డర్లు ఆపడానికి ముందు రోజు ఒకటి, అంతకు మించి అక్కర్లేదు. ఆ రెండోది కూడా అప్పటికే ఆర్డరిచ్చినవాళ్లకు పోకూడదు.

స్టేటస్‌లో, రీల్స్‌లో ఏం చూపాలి

ఎవరినీ తట్టని చోట్లు ఇవే కాబట్టి శ్రమంతా ఇక్కడ పెట్టాలి. స్టేటస్ 24 గంటలు ఉంటుంది, రోజుకు రెండు మూడు చాలు; పది పెడితే మూడోదానికే జరిపేస్తారు. ‘స్వచ్ఛమైన, నాణ్యమైన’ అని రాయడం వల్ల ఒక్క లీటరు కూడా అమ్ముడుపోదు. అదే మాటను పనిలో చూపిస్తే నమ్ముతారు. కట్టె గానుగలో లీటరు నూనెకు సుమారు రెండున్నర కిలోల గింజలు పడతాయి. గింజలను తూకంలో పెట్టి, ఆడి, వచ్చిన నూనెను కొలిచి చూపే అర నిమిషం వీడియో తీయండి. ధర ఎందుకు ఎక్కువో అడగకుండానే అర్థమవుతుంది. రెండో వీడియో మడ్డి గురించి: మొదటి రోజు నూనె ఎలా మసకగా ఉంటుంది, కదపకుండా ఉంచితే రెండు మూడు రోజులకు ఎలా తేటపడుతుంది, అడుగున మిగిలిన మడ్డి కల్తీ ఎందుకు కాదు. కొన్నాక వచ్చే ఫోన్లు ఎక్కువగా దీని గురించే కాబట్టి ఈ వీడియో లింకును జవాబుగా పంపుకోవచ్చు. నూనె తీశాక మిగిలే చెక్క ఎవరు కొంటారు, పశువులకు ఎలా పెడతారు అనేది ఇంకో వీడియో. ఖరీఫ్ బుడ్డలు అక్టోబరు, నవంబరుల్లో కళ్లాలకు వస్తాయి. ఏడాదికి సరిపడా దృశ్యాలు అప్పుడే తీసి పెట్టుకోండి.

వీడియో నిలువుగా తీయాలి. అసలు విషయం మొదటి మూడు సెకన్లలోనే కనపడాలి, లోగోతో మొదలుపెట్టొద్దు. మన యాసలోనే మాట్లాడండి, కింద తెలుగులో రాత వేయండి, ఎందుకంటే బస్సులో, ఆఫీసులో శబ్దం లేకుండా చూసేవాళ్లు చాలామంది. లొకేషన్ దగ్గర అనంతపురం అని పెట్టండి. హ్యాష్‌ట్యాగులు సరుకుకు, ఊరికి సంబంధించినవి మూడు నాలుగు సరిపోతాయి. సినిమా హీరో పేరు తగిలిస్తే ఆ హీరో కోసం వచ్చినవాళ్లు చూసి వెళ్లిపోతారు, కొనేవాళ్లెవరూ రారు.

ప్యాకెట్ మీది 14 అంకెల ఫుడ్ లైసెన్సు నంబరు ఫొటోలో కనపడేలా చూడండి. ఈ నూనెతో షుగరు తగ్గుతుంది, గుండెజబ్బు రాదు అని మాత్రం రాయొద్దు. ఆహారం గురించి తప్పుదారి పట్టించే ప్రకటనకు 2006 నాటి ఆహార భద్రత చట్టం కింద పది లక్షల దాకా జరిమానా ఉంది. దానికన్నా ముందు ఆలోచించాల్సింది, ఆ మాట నమ్మి మందులు మానేసే మనిషి గురించి.

పక్కవాళ్ల గ్రూపులు

కాలనీ గ్రూపు, పాత విద్యార్థుల గ్రూపు, రైతుల గ్రూపు వేరే పని కోసం పెట్టుకున్నవి. అడ్మిన్‌ను అడగకుండా ప్రకటన వేయొద్దు. సరే అంటే ఎన్నాళ్లకొకసారి అనేది కూడా అప్పుడే అడిగి దానికి కట్టుబడండి. ఎవరైనా “గానుగ నూనె ఎక్కడ దొరుకుతుంది?” అని అడిగితే ఒక్క జవాబు ఇచ్చి ఊరుకోండి. ఆ గ్రూపులోని నంబర్లు ఏరుకుని విడిగా మెసేజ్‌లు పెట్టడం మన ఊళ్లలో ఎక్కువగా జరిగే తప్పు, జనానికి అన్నిటికన్నా కోపం తెప్పించేదీ అదే. ఇంకొకరి పోస్టు కింద కామెంట్లలో మీ నంబరు వేయడం కూడా అలాంటిదే. ఫేస్‌బుక్‌లో ఒకే పోస్టును గంటలో ఇరవై గ్రూపుల్లో వేస్తే కొన్ని రోజులు పోస్టు చేయకుండా ఆపేస్తారు.

డబ్బు పెట్టి చేసే ప్రచారం

డబ్బిచ్చి వేసే ప్రకటన స్పాం కాదు. అది ప్రకటన అని దాని మీదే రాసి ఉంటుంది, నొక్కేవాళ్లే మీ దగ్గరికి వస్తారు. లైకుల కోసం కాకుండా వాట్సాప్‌కు మెసేజ్ వచ్చేలా పెట్టండి. పరిధి ఊరి చుట్టూ మీరు సరుకు చేర్చగలిగినంత దూరమే ఉండాలి. రోజుకు 200 చొప్పున ఐదు రోజులు వేసి చూడండి. ఆ 1,000 రూపాయలకు ఎంతమంది అడిగారు, ఎంతమంది కొన్నారు అనేది రాసుకోండి. అడిగేవాళ్లుండి కొనేవాళ్లు లేకపోతే ప్రకటన తప్పు కాదు, ధరో డెలివరీయో చూసుకోవాలి.

ఫుడ్ వీడియోలు చేసేవాళ్లకు డబ్బో సరుకో ఇచ్చి చేయిస్తే అది పెయిడ్ అని వీడియోలో చెప్పించండి. కేంద్ర వినియోగదారుల శాఖ 2023 జనవరిలో ఇచ్చిన మార్గదర్శకాలు ఉచితంగా ఇచ్చిన సరుకుకూ వర్తిస్తాయి. గూగుల్ మ్యాప్స్‌లో రివ్యూ రాయమని అడగడంలో తప్పు లేదు. రాస్తే తగ్గింపు ఇస్తామనడం గూగుల్ నిబంధనలకు విరుద్ధం.

రక్తం కోసం వినతి

ఇక్కడ తప్పు చేస్తే పోయేది గిరాకీ కాదు కాబట్టి కాస్త వివరంగా చెప్పాలి. ఎనిమిది వందల మంది ఉన్న గ్రూపులో రోజూ ‘అర్జెంట్ బి పాజిటివ్’ అని పడుతుంటే అందరూ మ్యూట్ చేస్తారు. ఒకరోజు ఓ నెగెటివ్ నిజంగా కావాల్సి వచ్చినప్పుడు ఆ మెసేజ్ చూసేవాడుండడు.

దాతల జాబితాలో పేరు, రక్తం గ్రూపు, ఉండే చోటు, చివరిసారి ఇచ్చిన తేదీ ఉండాలి. మగవాళ్లు 90 రోజులకు, ఆడవాళ్లు 120 రోజులకు గానీ మళ్లీ ఇవ్వకూడదు. కాబట్టి ఆ గడువు దాటినవాళ్లలో, ఆ గ్రూపువాళ్లలో, ఆసుపత్రికి దగ్గరున్నవాళ్లకే పంపాలి. రెండు యూనిట్లు కావాలంటే ముందు ఐదారుగురికి పంపి అరగంట ఆగండి. ముప్పై మంది ఒకేసారి సర్వజన ఆసుపత్రి ముందు దిగితే ఇరవై ఎనిమిది మంది తిరిగిపోవాలి, వాళ్లు రెండోసారి రారు. ప్లేట్‌లెట్లకైతే మరీ జాగ్రత్త, అవి ఐదు రోజులకు మించి నిలవ ఉండవు.

మెసేజ్ పెట్టే ముందు మూడు పనులు చేయండి. రోగి తరఫువాళ్లతో స్వయంగా మాట్లాడండి. బ్లడ్ బ్యాంకుకు ఫోన్ చేసి నిల్వ ఉందేమో కనుక్కోండి. ఈ-రక్తకోశ్ వెబ్‌సైట్‌లో కూడా నిల్వ చూడొచ్చు. రక్తం ఇంటి మనుషులెవరైనా ఇవ్వగలరేమో అడగండి. ఆ తర్వాతే వినతి. అందులో రక్తం గ్రూపు, ఎన్ని యూనిట్లు, ఏ ఆసుపత్రి, ఏ తేదీ ఎన్ని గంటల లోపల, ఎవరికి ఫోన్ చేయాలి అనేవి ఉండాలి. రోగి ఫొటో, జబ్బు పేరు, కేస్ షీటు పెట్టొద్దు. ‘మానవత్వం ఉంటే ఫార్వర్డ్ చేయండి’ అనే వాక్యం తీసేయండి. మంచి మనసుతో రాసినా అది చదివేవాళ్ల మెడ మీద కత్తి పెడుతుంది, మెసేజ్‌ను అక్కర్లేని ఊళ్లకు పట్టుకుపోతుంది.

రక్తం దొరికిన వెంటనే ‘దొరికింది, ధన్యవాదాలు’ అని వినతి అందుకున్నవాళ్లందరికీ పెట్టి, పాత వినతిని అందరికీ డిలీట్ చేయండి. వాట్సాప్‌లో ఆ వీలు రెండు రోజుల పైచిలుకే ఉంటుంది. అప్పటికే ఫార్వర్డ్ అయినవి మన చేతిలో ఉండవు, ఆర్నెల్ల తర్వాత కూడా రోగి తరఫువాళ్లకు ఫోన్లు వస్తూనే ఉంటాయి. అందుకే మొదటి వరుసలోనే, రక్తం గ్రూపుకన్నా ముందు రాయండి: “ఈ వినతి 14వ తేదీ సాయంత్రం 6 దాకే. ఆ తర్వాత ఫోన్ చేయొద్దు, ఎవరికీ పంపొద్దు.” బొమ్మగా చేస్తే ఈ వరుస బొమ్మలోనే ఉండాలి, కింద క్యాప్షన్‌లో రాస్తే ఫార్వర్డ్ చేసేటప్పుడు రాలిపోవచ్చు.