మరాకేష్ పాత నగరంలోని రియాద్‌లో బస చేయడం ఎలా?

మొరాకోలోని మరాకేష్‌ను 11వ శతాబ్దంలో అల్మొరావిద్ వంశపు పాలకులు నిర్మించారు. మదీనా అని పిలిచే దాని పాత భాగం 1985 నుంచి యునెస్కో వారసత్వ జాబితాలో ఉంది. అంగళ్ల రద్దీకి నాలుగడుగుల దూరంలోనే, వీధి వైపు కిటికీలు పెద్దగా లేని ఎర్రటి గోడల వెనక పాత ఇళ్లు ఎన్నో దాగి ఉంటాయి. వాటిలో చాలా వరకు ఇప్పుడు చిన్న హోటళ్లు అయ్యాయి. వాటినే రియాద్‌లు అంటారు. మండువా లోగిలి ఎరిగినవారికి వీటి పొందిక ఇట్టే అర్థమవుతుంది. నడిమధ్య ఆకాశం కనిపించే ముంగిలి, అందులో నీటి తొట్టె, నారింజ చెట్లు, చుట్టూ లోపలికి తెరుచుకునే గదులు. అరబీలో ఆ పేరు తోటకు సంబంధించినదే. తోట లేని ముంగిలి ఇంటిని ‘దార్’ అంటారు గానీ, హోటళ్ల వ్యాపారంలో ఆ తేడాను ఎవరూ పట్టించుకోవడం లేదు.

1. ముందు పేట, తర్వాత ఇల్లు

ఫొటోలు చూసి మురిసిపోయే ముందు పటం తెరవండి. బజార్ల నడుమ ఉండాలనుకుంటే మువాసీన్ వైపు వెతకండి. కాస్త నెమ్మది కావాలంటే దక్షిణాన కస్బా పేట మేలు. జమా ఎల్ ఫ్నా చౌకును ఆనుకుని ఉన్న ఇళ్ల జోలికి నేనైతే పోను. అక్కడ డప్పులు అర్ధరాత్రి దాకా మోగుతాయి. కారు ఆగే చోటు నుంచి తలుపు దాకా ఎంత నడవాలో కూడా అడిగి తెలుసుకోండి. మదీనా సందుల్లో చాలా వాటిలోకి కార్లు వెళ్లలేవు.

2. గదిని అంతస్తు చూసి ఎంచుకోండి

అన్ని గదులూ ఒకే ముంగిలి వైపు తెరుచుకుంటాయి కాబట్టి ఎవరు దగ్గినా అందరికీ వినిపిస్తుంది. కింది గదులు వేసవిలో చల్లగా ఉంటాయి, కానీ వెలుతురు తక్కువ. పైగా పొద్దున్నే ఫలహారాల దగ్గర గిన్నెల చప్పుడు మీ తలగడ పక్కనే వినిపిస్తుంది. పై అంతస్తులో వెలుతురు ఎక్కువ. అయితే లిఫ్టు ఉండటం అరుదు, మెట్లు ఇరుకుగా, నిటారుగా ఉంటాయి. మేడ మీది గది జూలై, ఆగస్టు నెలల్లో కాగిన పెనమే. ఆ రోజుల్లో పగటి వేడి 40 డిగ్రీలు దాటడం మామూలే.

చాలామంది మరిచిపోయేది చలి సంగతి. ఎండను తట్టుకోవడానికి కట్టిన ఇళ్లు ఇవి. జనవరి రాత్రుల్లో గదులు గడ్డకట్టించేంత చల్లగా ఉంటాయి. గదిలో వేడి చేసే ఏర్పాటు ఉందా అని రాసి అడగండి, జవాబు కూడా రాతలోనే తీసుకోండి. చిన్న పిల్లలు వెంట ఉంటే ముంగిలిలోని కొలనుకు, మేడ అంచుకు కంచె ఉందో లేదో అడగడం తప్పనిసరి. కొన్ని రియాద్‌లు పిల్లలను అసలు అనుమతించవు.

3. చివరి మూడు వందల మీటర్లు

అసలు కష్టం ఇక్కడే. మెనారా విమానాశ్రయం నుంచి మదీనా ఐదారు కిలోమీటర్లే. కానీ ఆ తర్వాత వచ్చే సందులు వంకరలు తిరిగి, చివరికి దారి లేని గల్లీలో ఆగుతాయి. వాటిని ‘దర్బ్’ అంటారు. పైకప్పు వేసిన సందుల్లో ఫోను చూపించే చుక్క పక్క వీధిలో తిరుగుతుంటుంది. అందుకని మొదటి రోజు మాత్రం రియాద్ వారినే కారు పంపమనండి. కారు ఆగిన చోటికి వారి మనిషి వచ్చి తీసుకెళతాడు. సామాను చేతి బండి మీద వస్తుంది. బండి అతనికి ఇవ్వడానికి కొన్ని దిర్హాములు చిల్లరగా ఉంచుకోండి. దిర్హాములు మొరాకో బయట సులభంగా దొరకవు, విమానాశ్రయంలో దిగాక మార్చుకోవడమే దారి.

సందులో ఎవరైనా కుర్రాడు ఎదురై “అటు దారి మూసేశారు, నాతో రండి” అంటే చిరునవ్వు నవ్వి ముందుకు సాగండి. సాధారణంగా దారి తెరిచే ఉంటుంది. అతని వెంట వెళితే చివర్లో డబ్బుల దగ్గర పేచీ వస్తుంది. నిజంగా తప్పిపోతే దుకాణం వదిలి రాలేని వ్యాపారిని అడగండి. తలుపు దొరికాక చుట్టుపక్కల గుర్తులను ఫొటో తీసుకోండి, ఎందుకంటే బయటి నుంచి అన్ని తలుపులూ ఒకేలా అనిపిస్తాయి.

4. లోపలికి వెళ్లాక

ముందు పుదీనా టీ ఇస్తారు. ఆ తర్వాత పోలీసు రికార్డు కోసం పాస్‌పోర్టు వివరాలతో ఒక ఫారం నింపాలి. మనిషికి, రాత్రికి ఇంత అని నగర పన్ను ఉంటుంది. అది గది అద్దెలో కలిసిందో లేదో అప్పుడే తేల్చుకోండి. రాత్రి భోజనం అక్కడే చేయాలనుకుంటే పొద్దున్నే చెప్పాలి. సరుకులు ఆ పూటకే తెచ్చి వండుతారు. శాకాహారులు కూరగాయల కుస్కుస్ (గోధుమ రవ్వతో చేసే వంటకం) అడిగితే సరిపోదు, దాని రసం మాంసంతో కాచినదేమో కూడా అడగాలి.

తెల్లవారక ముందే మసీదుల నుంచి అజాన్ వినిపిస్తుంది. 77 మీటర్ల కుతుబియ్యా మీనార్‌కు దగ్గరలో ఉంటే మరీ స్పష్టంగా వినిపిస్తుంది. నిద్ర తేలికైనవారు చెవుల్లో పెట్టుకునే దూది తెచ్చుకోవాలి.

5. బయలుదేరే ముందు రాత్రి

తెల్లవారుజామున విమానం ఉంటే ముందు రోజు సాయంత్రమే చెప్పి ఉంచండి. రియాద్‌లలో రాత్రి ఉండేది తరచు ఒక్క కాపలా మనిషే. బండి అతన్ని పిలిపించడం, ఫలహారం పొట్లం కట్టించడం, కారు దాకా చీకటి సందుల్లో తోడు రావడం అన్నీ ఆయన మీదే పడతాయి.