రాతి గుట్టల్లో ఏటీవీ నడిపే ముందు: టైర్లు, రిమ్ముల విషయంలో జాగ్రత్తలు

వానలు తగ్గాక వరంగల్, కరీంనగర్ చుట్టుపక్కల గుట్టల బాటలు ఆరినట్టే కనిపిస్తాయి. అయితే వానాకాలమంతా పారిన నీరు మొరాన్ని కోసుకుపోవడం వల్ల, నిరుడు మట్టిలో మునిగి ఉన్న గ్రానైట్ రాళ్ల అంచులు ఈసారి పైకి తేలి ఉంటాయి. తోటల్లోనో రిసార్టుల్లోనో ఏటీవీ (రోడ్డు లేని నేల మీద నడిచే, లావు టైర్ల నాలుగు చక్రాల చిన్న బండి) నడిపేవారు ఆ బాటల్లోకి దిగే ముందే చక్రాలను సిద్ధం చేసుకోవాలి.

టైరు కొనేటప్పుడు చాలామంది బటన్ల (నేలను పట్టుకునే రబ్బరు దిమ్మల) లోతు ఒక్కటే చూస్తారు. బురద కోసం చేసిన లోతైన, ఎడమెడంగా ఉన్న బటన్లు బండమీద ఊగిపోతాయి, అంచుల దగ్గర చిట్లిపోతాయి. రాతి నేలకు మధ్యరకం లోతుతో, దగ్గరదగ్గరగా ఉండి టైరు పక్కగోడ మీదికి కూడా కొంత దిగిన బటన్లే మంచివి. అంతకన్నా ముఖ్యమైనది పక్కగోడ బలం. పదునైన రాయి ముందుగా కోసేది దానినే, అక్కడ పడిన కోతకు ప్లగ్గు (పంక్చర్ రంధ్రంలో దూర్చే రబ్బరు ముక్క) నిలవదు. కనుక కనీసం 6 ప్లై రేటింగ్ ఉన్న టైరు తీసుకోవాలి. ఈ అంకె లోపలి పొరల లెక్క కాదు, టైరు బలానికి గుర్తు.

25x8-12 అన్న కొలతలో 25 టైరు ఎత్తు, 8 వెడల్పు, 12 రిమ్ము వ్యాసం, అన్నీ అంగుళాల్లోనే. టైరు ఎత్తు మారకుండా రిమ్ము 14 అంగుళాలైతే రాయికీ రిమ్ముకూ మధ్య రబ్బరు తగ్గుతుంది. చూపుకు పెద్ద రిమ్ము అందంగా ఉన్నా, మన గుట్టలకు 12 అంగుళాలదే నా ఎంపిక.

రిమ్ములు సొట్టపోవడానికి అసలు కారణం చాలాసార్లు గాలి తక్కువ కావడమే. ఏటీవీ టైర్లలో సాధారణంగా 5 నుంచి 7 పి.ఎస్.ఐ. (గాలి పీడనాన్ని కొలిచే ప్రమాణం) గాలి మాత్రమే ఉంటుంది కాబట్టి ఒక్క పి.ఎస్.ఐ. తేడా కూడా పెద్దదే. కార్ల మీటరు ఇంత తక్కువ గాలిని నమ్మకంగా చూపదు. తక్కువ పీడనం కొలిచే మీటరు కొనుక్కుని, టైరు చల్లగా ఉన్నప్పుడే చూసి, బండితో వచ్చిన పుస్తకంలోని అంకెకు తగ్గకుండా ఉంచాలి. వెనక మరో మనిషో సామానో ఎక్కితే ఎంత పెంచాలో కూడా అందులోనే చూసుకోవాలి. పంక్చర్ షాపులో కారుకు పట్టినట్టు పట్టించకండి, ఎక్కువైతే బండి రాళ్ల మీద ఎగిరి అదుపు తప్పుతుంది.

ఇనుప రిమ్ము వంగుతుంది, కొద్దిపాటి వంపైతే సరిచేయవచ్చు. అల్యూమినియం రిమ్ము తేలికే కానీ గట్టి దెబ్బకు పగలవచ్చు. పగులు వచ్చినదాన్ని వెల్డింగ్ చేయించి వాడటం ప్రమాదం. బయలుదేరే ముందు బండిని జాకీ మీద లేపి, రిమ్ము అంచుకు ఒక పుల్లను కదలకుండా ఆనించి చక్రాన్ని మెల్లగా తిప్పితే, సొట్ట ఉన్నచోట పుల్లకూ అంచుకూ మధ్య సందు మారుతుంది. లోపలివైపు అంచును కూడా తప్పక చూడాలి, ఎందుకంటే బయటి నుంచి కనపడని దెబ్బలు అక్కడే ఉంటాయి. తరువాత టైరు, రిమ్ము కలిసేచోట సబ్బునీళ్లు పూస్తే, గాలి కారుతున్నచోట బుడగలు లేస్తాయి. వాల్వు మూతలు, బ్రేకుకూ రిమ్ముకూ మధ్య ఇరుక్కున్న కంకర కూడా అప్పుడే చూసుకోవాలి.

కొత్త చక్రాలు బిగించినవారు మొదటిసారి బండి నడిపి రాగానే నట్లను మళ్లీ సరిచూసుకోవాలి.